పుస్తకంలో శుభ్రమైన మురుగు కాలవ

ఒరేయ్ భాస్కర్,

నీ ఉత్తరం అందింది. మూడొందల యాభై ఏళ్ళ కిందట లండన్ పార్లమెంటులో పొద్దున్నే ప్రార్థన చేసి, ఒక బిల్లు చదివి, దాన్ని కమిటీకి అప్పగించి ఇళ్ళకి పోయేవారని మీ బి.ఏ. పుస్తకంలో ఉందన్నావు. నాలా ఎనిమిదిలో బడి మానేసినోడికి పుస్తకాలెందుకురా? మొన్న మా గ్రామసభలో అదంతా పైసా ఖర్చు లేకుండా చూశాను.

మురుగు కాలవ నిండా గుర్రపుడెక్క మొక్కలు పట్టేసి నీరు లాగక, మా నారుమడి నాలుగు రోజులుగా నీళ్ళలోనే ఉంది. అది చెప్పుకుందామని వెళ్ళాను. ప్రెసిడెంటు సత్యవేణి గారి కుర్చీలో వాళ్ళాయన కూర్చున్నారు. ముందు ప్రార్థన, తర్వాత ఆయనకి శాలువా ఎవరు కప్పాలని గంటసేపు గొడవ. నేను లేస్తే, "కూర్చోవయ్యా, నీది అజెండాలో ఉంది" అన్నారు. ఉంది, టిఫిను తర్వాత. టిఫినయ్యాక "కమిటీ వేద్దామండి" అన్నారు సెక్రటరీ గారు. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు ఆ సెక్రటరీ గారే తీర్మానాల పుస్తకం తెచ్చి, "సంతకాలు పెట్టేయండి, మేటరు తర్వాత రాసుకుంటాను" అన్నారు. మా ఊళ్ళో ఎప్పుడూ అంతే. ఖాళీ పేజీ కింద నేనూ పెట్టాను.

నిన్న పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి ఆ పుస్తకం చూస్తే, "గుర్రపుడెక్క పూర్తిగా తొలగించబడినది. రైతులు సంతృప్తి వ్యక్తపరచిరి" అని ఉంది. రైతుల్లో మొదటి సంతకం నాదే.

"ఇదేంటండి?" అన్నాను.

"తమరే కదండీ పెట్టారు" అని సెక్రటరీ గారు టీ ఇప్పించారు.

ఇంకో రెండ్రోజుల్లో నీళ్ళు దిగకపోతే నారు కుళ్ళిపోతుంది. మళ్ళీ విత్తనం చల్లడానికి అదనూ లేదు, మా నాన్నకి ఓపికా లేదు. అందుకే ఈ ఉత్తరం పోస్టులో వేయకుండా బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. రేపు పొద్దున్నే కొడవలి పట్టుకుని వచ్చేయ్. పూర్తిగా తొలగించిన గుర్రపుడెక్కలో ఇద్దరం గొంతు దాకా దిగాలి.