రెండో మాట

అర్ఖాంగెల్స్క్,
4 మార్చి 1971, గురువారం.

చెల్లెలు ఫ్యోక్లా మకారోవ్నాకి, నడుం వంచి దండం. నీ భర్త ప్రోకోపీకి దండం, పిల్లలకి ఆశీస్సులు. పొరుగింటి తెరెంతి మావకి, ఆయన ఇంకా నన్ను గుర్తు పెట్టుకుంటే, దండం. మీ ఇంటి పొయ్యికి కూడా దండం పెట్టాలనుంది. పన్నెండేళ్ళ కిందట మీ అమ్మ శోకాలు రాసుకోవడానికి వచ్చి ఆ వేసవంతా దాని పక్కనే పడుకున్నాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. మీ అమ్మ పోయిందన్న ముక్క చదివి చాలాసేపు కోటు కూడా విప్పకుండా వంటింట్లో కూర్చుండిపోయాను. ఉల్యానా అవ్వ అంటే ఎప్పటికీ ఉంటుందన్నట్టే అనుకున్నాను. ఈ ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా వచ్చి చూడలేదేమని నువ్వు అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

నువ్వు అడిగిందల్లా ఒక్కటే. ఇరవై ఒకటో తేదీ ఆదివారానికి అమ్మకి నలభయ్యో రోజు. ఆ రోజుతో ఆత్మ ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది, కూతురు శోకాలు తీసి సాగనంపాలి. నాకు మొదలు తప్ప రాదక్కా, దూడల పాకలో పనికి పోయేదాన్ని, అమ్మ ఉంది కదా అని ఎప్పుడూ నేర్చుకోలేదు, నువ్వు అచ్చు వేయించిన శోకాల పుస్తకం తీసి చూస్తే అందులోది అమ్మ గొంతులా లేదు, నీ చేతిరాతలో అసలుది ఉంటుంది కదా, పంపు అని రాశావు. శోకం లేకుండా పంపిస్తే అమ్మ గుమ్మం దగ్గరే తచ్చాడుతుందేమోనని భయంగా ఉందన్నావు. ఆ వాక్యం నన్ను మూడు రోజులుగా వదలడం లేదు.

అందుకే కొన్ని సంగతులు చెప్పాలి. నీకు సగమే తెలుసు.

ఆ వేసవిలో మీ అమ్మ నాకు చెప్పినవాటిల్లో మీ నాన్న మకార్ యుద్ధంలో పోయినప్పుడు తీసిన శోకమే పెద్దది. నూలు వడుకుతూ చెప్పేది. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికి వెళ్ళాల్సిందే. ఏ మాటా ఒంటరిగా రాదు ఆవిడ నోట. దారీ డొంకా పట్టి పోయావు, దిగులూ గుబులూ నాకు వదిలావు అని మొదలుపెట్టేది. నేను పట్నంలో చదువుకున్న తెలివితో ఒక రోజు అడిగాను, ఒకటే అర్థానికి రెండేసి మాటలెందుకవ్వా అని. కదురు ఆపకుండానే, నువ్వు బెర్రీ పళ్ళకి అడవిలోకి ఒక్కత్తివే పోతావే పిచ్చిదానా అంది. ఒకత్తి కేకేస్తే ఇంకొకత్తి పలకాలి, లేకపోతే ఇద్దరిలో ఏదో ఒకదాన్ని ఎలుగుబంటి తినేసిందని అర్థం, మాటలూ అంతే అంది. నువ్వు చేపల పులుసు గిన్నె దించుతూ నవ్వావు, గుర్తుందా?

నాలుగేళ్ళకి పుస్తకం వచ్చింది. ప్రచురణాలయంలో సంపాదకుడు నా రాతప్రతి మీద ఎర్ర పెన్సిలు పెట్టి, ఇవన్నీ చర్వితచర్వణం, చదివేవాడికి విసుగు అంటూ ప్రతి జంటలోనూ రెండో మాట కొట్టేశాడు. నేను పోట్లాడలేదు. నా పేరు అట్ట మీద చూసుకోవాలన్న తొందర నాది. పత్రికల్లో మెచ్చుకున్నారు కూడా, ఎంత పొదుపైన భాషో అని. నేను అవి చదువుకుని తలూపాను.

మీ ఊరి క్లబ్బులో పుస్తకం చదివిన రోజు నువ్వు దూడల పాకలో ఉన్నావు, చూడలేదు. మీ అమ్మ పెళ్ళినాటి శాలువా కప్పుకొచ్చి ముందు వరసలో కూర్చుంది. చదివే అమ్మాయి గొంతు విప్పింది, దారి పట్టి పోయావు, దిగులు నాకు వదిలావు అని. మీ అమ్మ కాసేపు విని, పక్కావిడతో, ఇది ఎవరి ఏడుపే, పాపం ఎవరో కుంటిదానిలా ఉంది అంది. నీదే ఉల్యానా, నీ పేరే చదివారు కదా అంది ఆవిడ. వెనక నుంచి తెరెంతి మావ, ఏం వదినా, అచ్చులోకి వెళ్ళేసరికి నీ మాటలు సగం ఎలకలు కొట్టేశాయా, లేక నీకే మతిమరుపు పట్టిందా అన్నాడు. జనమంతా నవ్వారు. ఆయన మనసులో ఏ పాపమూ లేదు, ఆయన నోరే అంత.

మీ అమ్మ నవ్వలేదు. వెనక్కి తిరగకుండా వేదిక మీదున్న నన్ను చూసి, అమ్మాయీ, నేను ఇట్లాగే చెప్పానా, నువ్వే చెప్పు అంది. హాలంతా నా వైపు చూసింది. పక్కన జిల్లా పెద్దలున్నారు. నేను నీళ్ళగ్లాసు తీసుకుని తాగాను. అంతే చేశాను ఫ్యోక్లా. మీ అమ్మ లేచి శాలువా సర్దుకుని వెళ్ళిపోయింది. అప్పటికీ ఇప్పటికీ నాకు సిగ్గొక్కటే సరిపోదు, ఆవిడ పద్ధతిలో చెప్పాలంటే సిగ్గూ శరమూ రెండూ కావాలి.

ఆ తర్వాత సంగతి నాకు నువ్వే రాశావు. పై ఊరినుంచి పెళ్ళికూతురి తల్లి వచ్చి, అత్తారింటికి పంపే శోకం తీయడానికి రమ్మని బతిమాలితే, పుస్తకం ఉందిగా, దాన్నే పిలుచుకుని ఏడిపించుకోండి అందట. అప్పట్నుంచి ఎవరింటికీ వెళ్ళలేదట. పెళ్ళికీ లేదు, చావుకీ లేదు. నువ్వది కబురుగా రాశావు, అమ్మకి పెంకితనం ఎక్కువైందని. నేను అది మడిచి పుస్తకాల వెనక పెట్టేశాను. ఒకవేళ ఆవిడ ఆ ఎనిమిదేళ్ళూ శోకాలు తీస్తూనే ఉంటే నీకు వినివినే వచ్చేసేవి. ఈ రోజు నన్ను అడగాల్సిన అవసరం ఉండేది కాదు.

సరే, ఇప్పుడు నీ పని. నా పాత నోటుబుక్కు వెతికి తీశాను. సంపాదకుడు కొట్టేసిన మాటలన్నీ అందులో ఉన్నాయి. వాటిని తిరిగి చేర్చి, మీ అమ్మ చెప్పింది చెప్పినట్టు, పన్నెండు కాగితాల మీద పెద్ద అక్షరాలతో రాశాను. చలికి చేతులు వణికినా చదువుకోగలవు. నాన్న పేరున్న చోట అమ్మ పేరు పెట్టుకో. ఆ రోజు అట్లు వేసేటప్పుడు మొదటిది అమ్మ పేర నా తరఫున కూడా పెట్టు.

మీ పొయ్యి పక్కన నిద్రపోయిన,
అగ్నియా

తా.క.: శనివారం, 6 మార్చి.

కవరు అంటించుకుని తపాలా ఆఫీసుకి వెళ్ళాను. నా వంతు వచ్చింది. కిటికీలో అమ్మాయి చెయ్యి చాపితే ఇవ్వలేక ఇంటికి తిరిగొచ్చి కవరు చింపాను. పైన రాసింది మార్చలేదు. ఎంత నున్నగా అబద్ధమాడగలనో నువ్వు చూడాలని అలాగే ఉంచాను.

ఏ సంపాదకుడూ ఏమీ కొట్టేయలేదు. పాపం ఆయన కామా కూడా కదల్చలేదు. ఆ రెండో మాటలు నా నోటుబుక్కులో ఎప్పుడూ లేవు. మీ అమ్మ వేగానికి నా చెయ్యి అందక, ముసలిది ఊపిరి కోసం సాగదీస్తోందిలే అనుకుని, మొదటి రోజునుంచే ఒక్కో మాట రాసుకుంటూ పోయాను. ఎర్ర పెన్సిలు నాదే.

ఆ పన్నెండు కాగితాల్లో మొదటి రెండు వరసలే అవ్వవి. మిగతా జంటలన్నీ ఈ మూడు రోజుల్లో నిఘంటువు పక్కన పెట్టుకుని నేను కట్టినవి. వాకిలికి తోడుగా ఆవిడ ఏ మాట వాడేదో నాకు గుర్తులేదు, గడప అని పెట్టాను. చదువుకుంటే చక్కగా ఉంది. నువ్వు కూడా నమ్మేదానివి. మీ అమ్మ సమాధి దగ్గర నిలబడి, ఆవిడవే అనుకుని, నా మాటలతో ఆవిడని సాగనంపేదానివి.

అందుకే కవరు ఇంత పలచగా ఉంది. కాగితాలు పంపడం లేదు, పొయ్యిలో వేశాను. నోటుబుక్కు విడిగా పార్సిల్ చేశాను, అందులో ఒంటి మాటలున్నాయి. ప్రోకోపీని చదవమను, నువ్వు కళ్ళు మూసుకుని విను. ఎక్కడైనా రెండోది నీ నోటికి వస్తే అది అమ్మదే. రానిచోట ఊరుకో ఫ్యోక్లా, కాసేపు ఊరికే ఏడువు. ఎవరైనా అక్కడేం మాట ఉండాలని అడిగితే, అగ్నియా పోగొట్టిందని చెప్పు. క్లబ్బులో అందరూ వినేలా చెప్పు.