చెల్లి కంట్లో ఉన్నది

జూన్ 9, సోమవారం

బయాలజీ సిలబస్ కమిటీ నుంచి ఫోన్. ప్రొటిస్టుల చాప్టర్ నా నెత్తిన పెట్టారు. పాత క్లాసిఫికేషన్ తీసేసి కొత్తది రాయాలట. ఒక్క పేజీలో రావాలట. పిల్లలు కన్ఫ్యూజ్ కాకూడదని చైర్మన్ గారు మరీ మరీ చెప్పారు.

నవ్వొచ్చింది. మొక్క కాదు, జంతువు కాదు, బూజు కాదు. ఎక్కడా ఇమడని వాటినన్నిటినీ మూటగట్టి పడేసిన అటక పేరే ప్రొటిస్టా. అటక మీది సామాను ఒక్క పేజీలో ఎలా సర్దను?

సాయంత్రం చెల్లి డ్యూటీ దిగి వచ్చింది. ఎడమ కన్ను ఎర్రగా ఉంది. దుమ్ము పడిందట. సిటీ బస్సు నడిపేవాళ్ల కంట్లో దుమ్ము పడకపోతే వార్త గానీ పడితే వార్తేంటని తనే జోకేసింది. కాంటాక్ట్ లెన్సులు తీసేసి పడుకోమన్నాను.

జూన్ 13, శుక్రవారం

తగ్గలేదు. వీధి చివరి క్లినిక్‌లో డాక్టరు చూసి, వైరస్ అన్నాడు. ఆయింట్‌మెంట్ రాశాడు. వారంలో బస్సెక్కొచ్చు అన్నాడట. ఎక్కడం సంగతి సరే, నడపడం ఎప్పుడండీ అని ఇది అడిగిందట.

జూన్ 16, సోమవారం

వెలుతురు ఓర్చుకోలేకపోతోంది. చెల్లి గది కిటికీకి దుప్పటి కట్టాం.

జూన్ 20, శుక్రవారం

డాక్టరు స్టెరాయిడ్ చుక్కలు వేయించాడు. ఎరుపు తగ్గింది. చెల్లి లేచి వంటింట్లోకొచ్చి నాలుగు మాటలు మాట్లాడింది. అమ్మ ముఖంలో ప్రాణం వచ్చింది.

ఆ హుషారులో నేనూ క్లాసు బాగా చెప్పాను. యూగ్లీనా గోడ మీద పిల్లి లాంటిది, ఎండుంటే మొక్కలా వండుకుంటుంది, లేకపోతే జంతువులా వెతుక్కుని తింటుంది అన్నాను. వెనక బెంచీ కూడా నవ్వింది. పిల్లలు నన్ను చాటుగా అమీబా మేడమ్ అంటారని నాకు తెలుసు. ఏమీ అనుకోను.

జూన్ 25, బుధవారం

ఆ రెండు రోజుల ముచ్చట ముగిసింది. నొప్పి మళ్లీ మొదలైంది. ఇదివరకటిలా కూడా కాదు. బస్సు తలుపులో వేలు నలిగితే గుడ్డ చుట్టుకుని ట్రిప్పు పూర్తి చేసిన మనిషి ఇది. ఇవాళ దిండు కొరుకుతోంది.

పెద్ద కంటాసుపత్రికి తీసుకెళ్లాను. కార్నియా డాక్టరమ్మ చాలాసేపు చూసింది. కంటిపాప ముందుండే అద్దం లాంటి పొరనే కార్నియా అంటారు. అందులో తెల్లటి రింగు కనబడుతోందట. లెన్సుల డబ్బా దేంతో కడుగుతావని అడిగింది. డిపో కుళాయి కింద అంది చెల్లి. అందరూ అంతేగా అని కూడా అంది.

నాకు ఒక పేరు తట్టింది. డాక్టరమ్మ ఇంకా ఏ పేరూ చెప్పలేదు. వైరస్ కాకపోవచ్చని మాత్రం అంది. పొర మీంచి కొంచెం గీకి ల్యాబుకి పంపింది.

నేను కూడా ఆ పేరు చెప్పలేదు. చెప్పకపోతే కాకుండా పోతుందన్నట్టు.

జూన్ 26, ఉదయం 11

ల్యాబు డాక్టరమ్మ నా ఉద్యోగం సంగతి విని, మైక్రోస్కోపులో మీరూ చూడండి మేడమ్ అంది.

చూశాను. సిస్టు, అంటే అది పెంకు కట్టుకుని లోపల దాక్కున్న రూపం. రెండు గోడలు. బయటిది ముడతలు ముడతలుగా, లోపలిది నక్షత్రంలా. అకాంతమీబా. ఏటా బోర్డు మీద నేను గీసే బొమ్మే. తెలిసిన ముఖం కనబడ్డట్టు గుర్తుపట్టాను. గుర్తుపట్టిన ఆ ఒక్క క్షణం, దేవుడా, నాకు సంతోషం కలిగింది. తర్వాత అది ఎవరి కంట్లోదో గుర్తొచ్చింది.

సాయంత్రం

అమ్మకి చెప్పాను. అది కుళాయి నీళ్లలో ఉంటుంది, మట్టిలో ఉంటుంది, గాలిలో దుమ్ములో ఉంటుంది, మన ఒంట్లోకి రోజూ వెళ్లి వస్తూనే ఉంటుంది, ఎవరినీ ఏమీ అనదు అన్నాను. మరి దీన్నెందుకు పట్టుకుందని అడిగింది. లెన్సు కింద ఇరుక్కుంది, అక్కడ చిన్న గీత పడి ఉంటుంది అన్నాను. ఇన్నేళ్లూ నువ్వు చదివింది ఈ పురుగుల గురించేగా, మందేదో చెప్పవే అంది.

పురుగు కాదమ్మా అన్నాను.

జులై 1, మంగళవారం

గంటకో చుక్క, రాత్రీ పగలూ. అమ్మా నేనూ వంతులేసుకున్నాం. చుక్కలు ఆసుపత్రిలోనే కలిపి ఇస్తున్నారు. ఈతకొలను నీళ్లు శుభ్రం చేసే జాతి మందే, బాగా పలచన చేసి. అది విని చెల్లి, నా కన్ను స్విమ్మింగ్ పూల్ అయిందన్నమాట అంది. నవ్వబోయి కన్ను పట్టుకుంది.

దీనికి సరైన మందు ఎందుకు లేదో నాకు తెలుసు. బ్యాక్టీరియా మనకి ఏమీ కాదు, ఎక్కడో దూరం. దాన్ని కొడితే మనకి తగలదు. ఇది అలా కాదు. దీని కణం మన కణం లాంటిదే. మొక్కల కంటే మనకే దగ్గర చుట్టం. దాన్ని చంపేంత మందు వేస్తే కన్నూ కాలుతుంది. కాలనంత వేస్తే అది సిస్టు కట్టుకుని తలుపేసుకుంటుంది. ఏ ఎండకా గొడుగు. ఎన్నాళ్లయినా లోపలే కూర్చోగలదు.

ఈ పాఠం నేను ఎంత మురిసిపోతూ చెప్పేదాన్నో.

జులై 9, బుధవారం

కమిటీ మీటింగ్. అమీబా, మలేరియా క్రిమి ఇదివరకు ఒకే ప్రోటోజోవా గుంపులో హాయిగా ఉండేవి కదా, ఇప్పుడెందుకు విడదీయడం అని చైర్మన్ గారి ప్రశ్న. ఒక్కలా కనబడినంత మాత్రాన ఒక్క ఇంటివి కావని చెప్పాను. మలేరియా క్రిమికి పారమీషియం చుట్టం. సముద్రం అడుగున చెట్టంత పెరిగే గోధుమరంగు నాచుకి, బంగాళాదుంప పంటని కుళ్లబెట్టే నీటి బూజుకి ఒకే వంశం. ఎవరూ నోట్ చేసుకోలేదు. కాస్త సింపుల్‌గా ఉంచండమ్మా అన్నారు.

మధ్యలో అమ్మ ఫోన్. చెల్లి గోడకి తల కొట్టుకుంటోందట. బ్యాగు అక్కడే వదిలేసి పరిగెత్తాను.

జులై 22, మంగళవారం

చీకటి గదిలో చెల్లి పక్కన కూర్చున్నాను. నీ దోస్తు ఇవాళ మరీ ఎక్కువ చేస్తున్నాడే అంది. దాన్ని మీవాళ్లు ఏ గుంపులో వేశారని అడిగింది. ఇదివరకు సార్కోడినా, ఇప్పుడు అమీబోజోవా అన్నాను. గుంపు మారిస్తే నొప్పి తగ్గుతుందా అంది. తగ్గదన్నాను.

మరి మార్చడం దేనికే అక్కా అంది.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. ఇంతలో చుక్క వేసే వేళయింది.

ఆగస్టు 4, సోమవారం

ఇక నుంచి రెండు గంటలకో చుక్క చాలన్నారు. అమ్మ చాలా రోజులకి తల దువ్వుకుంది.

ఆగస్టు 18, సోమవారం

పొర పలచబడి చిల్లు పడింది. పొద్దున లేవగానే చెంప మీద వేడినీళ్లు కారినట్టయిందని చెప్పింది. గంటలో ఆసుపత్రిలో ఉన్నాం. ఎవరో చనిపోయినవాళ్ల కార్నియా దొరికింది. అతికించారు. ఎవరిదని అడిగితే చెప్పకూడదన్నారు. అమ్మ ఆపరేషన్ థియేటర్ తలుపుకి దణ్ణం పెట్టింది. ఎవరికి పెట్టిందో.

సెప్టెంబరు 2, మంగళవారం

కట్టు విప్పినప్పటి నుంచి ఆ కంటికి మసగ్గా కనబడుతోంది. ఫ్యాను తిరగడం తెలుస్తోందట. కుడి కన్ను మూసుకుని, ఎదురుగా ఉన్న నా చీర రంగు తప్పు చెప్పింది, అమ్మ కూడా దానికే వంత పాడింది.

డిపో మేనేజరు, దీని బస్సు కండక్టరు వచ్చారు. కండక్టరు పెద్దాయన. కొత్త డ్రైవరు బ్రేకు వేస్తే ప్యాసింజర్లందరూ నా మీదే పడుతున్నారమ్మా, త్వరగా రా అన్నాడు. మేనేజరు మాత్రం టికెట్ కౌంటర్లో కుర్చీ ఒకటి ఖాళీగా ఉందని మెల్లగా కదిపాడు. చూద్దాం సార్ అంది చెల్లి. ఆ మాటకి తనే పగలబడి నవ్వింది. మేనేజరుకి నవ్వాలో వద్దో తెలియలేదు.

సెప్టెంబరు 19, శుక్రవారం

మళ్లీ నొప్పి. అతికించిన పొర అంచున తెల్లటి గీత. డాక్టరమ్మ కంట్లోకి చూసే స్లిట్ లాంప్ దగ్గర నుంచి లేచి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

సెప్టెంబరు 24, బుధవారం

చాప్టర్ పంపేశాను. ఒక్క పేజీ. చాలా క్లియర్‌గా ఉందమ్మా అని చైర్మన్ గారు ఫోన్ చేశారు.

అకాంతమీబాకి ఒక్క వాక్యం ఇచ్చాను. స్వేచ్ఛగా జీవించును, మానవులలో వ్యాధి కలిగించుట అరుదు. నాలుగుసార్లు చదువుకున్నాను. తప్పేమీ లేదు. నిజంగా అరుదే. అలాగే వదిలేశాను.

అక్టోబరు 6, సోమవారం

డాక్టరమ్మ మా ముగ్గురినీ కూర్చోబెట్టింది. ఇంకోసారి కార్నియా మార్చొచ్చు. అందులోకీ అది రావచ్చు, రాకపోవచ్చు. లేదా కన్ను తీసేస్తే నొప్పి పోతుంది. గ్యారంటీ ఇవ్వగలిగింది ఈ రెండోదానికే అంది.

నాది తీసి దీనికి పెట్టండమ్మా, ఈ వయసులో నాకెందుకు అంది అమ్మ. కన్ను మొత్తం అలా మార్చడం కుదరదని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. అమ్మ వినలేదు. మళ్లీ అదే అడిగింది. చివరికి చెల్లే అందుకుని, నీ కంటికి శుక్లం ఉందిగా, ఆ సెకండ్ హ్యాండ్ సామాను నాకొద్దు అంది. అమ్మ దాని భుజం మీద ఒక్కటి వేసి, అక్కడే తల ఆనించి ఏడ్చింది.

అప్పుడు చెల్లి నా వైపు తిరిగింది. నువ్వు చెప్పక్కా, నీకు తెలుసుగా దాని సంగతి అంది.

దాని సంగతి నాకు తెలుసు. అది ఏం తింటుందో, ఎలా విడిపోతుందో, దానికి తాతముత్తాతలెవరో, అన్నీ తెలుసు. ఈ కంట్లో ఇంకా ఎన్ని సిస్టులున్నాయో, ఏది ఎప్పుడు తలుపు తీస్తుందో తెలియదు. ఎవరికీ తెలియదు.

నా ముఖం చూసి, సరే, తీసేయండి డాక్టరుగారూ అంది చెల్లి. నాకు నిద్ర కావాలి అంది.

అక్టోబరు 10, శుక్రవారం

తీసేశారు.

అక్టోబరు 11, శనివారం

చెల్లి పొద్దెక్కేదాకా నిద్రపోయింది. అమ్మ తలుపు దగ్గరే కూర్చుని, కుక్కర్ కూడా పెట్టనివ్వలేదు.

అక్టోబరు 28, మంగళవారం

ల్యాబు డాక్టరమ్మ ఫోన్. చెల్లి కంట్లోంచి తీసిన ఆ అమీబాని జూన్ నుంచి ప్లేటులో, తిండికి బ్యాక్టీరియా వేసి పెంచుతున్నారట. బాగా పెరిగిందట. అలమర ఖాళీ చేస్తున్నాం, పారేసే ముందు మీకు క్లాసుకేమైనా పనికొస్తుందా మేడమ్ అని అడిగింది. వద్దన్నాను.

పక్క గదిలోంచి చెల్లి, ఏం వద్దంటున్నావని అడిగింది. అబద్ధం చెప్పడం చేతకాలేదు. నేను చూడాలి అంది.

నవంబరు 1, శనివారం

చూసింది. ల్యాబులో, మైక్రోస్కోపులోంచి, కుడి కంటితో. అడ్జస్ట్ చేయబోతే నా చెయ్యి పక్కకి తోసింది.

కదులుతోందే అంది. ఊఁ అన్నాను.

దీన్ని ఏం చేస్తారని తల ఎత్తకుండానే అడిగింది. ఆటోక్లేవ్‌లో పెడతారు, ఆవిరికి చచ్చిపోతాయి అన్నాను.

ల్యాబు డాక్టరమ్మ తాళాలు పట్టుకుని నిలబడింది.

ఇంకాసేపు ఉండనివ్వండి అంది చెల్లి.