పెట్రోలు మూత కింది కవరు

శనివారం, నంద్యాల

నాయన పాత కారు ఈరోజూ ఆళ్లగడ్డ దారిలో, శిరివెళ్ల దగ్గరే ఆగిపోయింది. "ఇంగేం చూస్తాండావక్కా? ఇంజన్ దించాల్సిందే," అన్నాడు వెంట వచ్చిన మెకానిక్ మస్తాన్.

"ఉండప్పా, ఒక్కొక్కటే చూద్దాం," అన్నాను.

"ఇదేమన్నా కాలేజీ పాఠమా?"

ప్లగ్గుల్లో నిప్పురవ్వ బాగుంది. పంపు బాగుంది. అయినా ఇంజన్‌కు పెట్రోలు అందడం లేదు. చివరికి ట్యాంకు మూత తిప్పితే గాలి బుస్సుమని లోపలికి పోయింది. బండి వెంటనే స్టార్టయింది. వాసన రాకుండా నెల కిందట మూత కింద నేను పెట్టిన పాలిథిన్ కవరే, పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి పోవాల్సిన గాలికి అడ్డం!

"అయితే దీని గొంతు పిసికింది నువ్వేనక్కా!"

కవరు తీసేసి ఆళ్లగడ్డ పోయి వచ్చినాను, యాడా ఆగలేదు. ఇంజన్ దించేది లేదని మస్తాన్‌కు గట్టిగానే చెప్పినాను. కానీ నెల నుంచీ ప్రతి భాగాన్నీ అనుమానించినదాన్ని, నా చేత్తో పెట్టిన కవరును మాత్రం చివరిదాకా ఎందుకు చూడలేదో...