పర్లేదని రాసిన ఫారం

బ్రీజ్, నిన్ను లేపలేదు. ఊనాకి ఇన్సులిన్ వేసి బడికి పంపాను. సోడా బ్రెడ్ గుడ్డలో చుట్టి పెట్టాను, తిను.

పిల్ల సంరక్షణ భత్యం ఇవ్వరట, ఇప్పుడే ఉత్తరమొచ్చింది. నీ ఫారం నకలూ పంపారు. మిగతా పిల్లలకన్నా ఎంత ఎక్కువ చూసుకోవాలని అడిగితే, "పర్లేదండీ, బంగారుతల్లి, ఏ ఇబ్బందీ పెట్టదు" అంటావా! అడిగింది గోడ మీంచి పలకరించే పక్కింటావిడ కాదు తల్లీ, ప్రభుత్వం! రాత్రి రెండుసార్లు లేచి షుగర్ చూస్తున్నానని, దానికోసమే బేకరీ పని మానేశానని రాయి. శుక్రవారంలోగా అప్పీలు పంపాలి.

షుగర్ క్లినిక్‌కి కొడుకుని తీసుకొచ్చే ఫిన్‌బార్ వాళ్లమ్మకీ చెప్పు, ఆవిడా నీలాగే రాసుంటుంది.

నేను పనికెళ్లే కార్క్ ఊరి బస్సొచ్చేసింది.

డెక్లన్ అన్న

సాయానికెవరున్నారు అన్నచోట మాత్రం "ఎవరూ లేరు" అని రాశావు. మరి నేనెవర్నే? ఇవాళ రాత్రి నేను లేస్తాను, నువ్వు పడుకో.