పడవవాడి గొంతు

అక్కకు, తమ్ముడు రాసేది. ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే ఇప్పుడు నేనొక్కడినే కదా, అయినా చేయి ఇంకా అలవాటు మానుకోలేదు. నీ ఓడ ఏ రేవులో ఉండగా ఇది నీకు అందుతుందో తెలీదు.

పన్ను నొప్పి తగ్గిందా అని అడిగావు. పీకించేశాను. డాక్టరు "ఒక్క నిమిషం" అంటూ అరగంట నోరు తెరిపించి కూర్చోబెట్టాడు. నువ్వు నర్సువి కాబట్టి ఆయన తరఫునే మాట్లాడతావులే.

ఓడలో నీ తోటివాళ్లు "ఆటలు ఆడతారు గానీ రాస్తారా?" అని నవ్వారట. కంప్యూటర్ ఆటలో ఎదురయ్యే ప్రతి మనిషికీ మాటలు కావాలి, అవి ఎవడో ఒకడు కూర్చుని రాయాలి, ఆ ఎవడో మా తమ్ముడే అని చెప్పు. మా ఆటలో ఏరు దాటించే ముసలి పడవవాడు ఒకడున్నాడు. ఆడేవాళ్లు వాడి పడవ వందసార్లు ఎక్కుతారు. ప్రతిసారీ ఒకే మాటంటే విసుగు పుడుతుందని వాడికి ఇరవై మూడు మాటలు రాశాను.

నటులొచ్చి గొంతు ఇచ్చేలోపు, పని నడవడానికి ఎవరో ఒకరి గొంతు తాత్కాలికంగా పెట్టుకుంటాం. పోయినేడాది పడవవాడి కోసం నాన్నను ఆఫీసుకి తీసుకెళ్లాను. ముప్ఫై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసిన మనిషి, నేను రాసింది చదివితే కదా! "నీళ్లు లోతు, జాగ్రత్త" అని రాసిస్తే, "ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దు, లోపలికి జరగండి బాబూ" అన్నాడు.

"పడవకి ఫుట్‌బోర్డేంటి నాన్నా?"

"మనిషన్నవాడు ఎక్కడైనా అంచు మీదే నిలబడతాడ్రా, నేను చూడలేదా?"

మా సౌండ్ ఇంజనీరు అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. నా మాటలు కొట్టేసి ఆయనవే ఉంచాను. ఆట బయటికొచ్చి రెండు నెలలైంది. అందరికీ నచ్చింది పడవవాడేనట.

ఇక నువ్వు ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్న సంగతి. "చివరిచూపు ఎలాగూ దక్కలేదు, మీ ఆఫీసులో ఉన్న నాన్న గొంతైనా పంపరా" అని. తీరిక లేదని ఒకసారి రాశాను, పైవాళ్ల అనుమతి కావాలని ఇంకోసారి రాశాను. రెండూ అబద్ధాలే అక్కా. ఆ గొంతు లేదు. నేనే తీయించేశాను.

విడుదలకి ముందు తాత్కాలికంగా పెట్టినవన్నీ చెరిపెయ్యాలి, ఒక్కటి మిగిలినా పరువు పోతుంది. రాసినవాడు సరేనంటేనే తీస్తారు. నాన్న పోయిన మూడో వారం అది. నాలుగు వేల ఫైళ్లు, పేర్లు లేవు, నంబర్లే. "ఒకసారి వింటావా?" అని ఆ అమ్మాయి అడిగింది. నేను తల కూడా ఎత్తకుండా "అదంతా చెత్తే, తీసెయ్" అన్నాను.

నీ మొదటి ఉత్తరం చూశాక గుర్తొచ్చి పరిగెత్తాను. పాపం, ఆ అమ్మాయి రెండు రోజులు వెతికింది. దాచిన కాపీలు కూడా నెల తిరిగితే వాటంతటవే పోతాయట. ఇంట్లో ఫోన్లూ క్యాసెట్లూ అన్నీ వెతికాను. నీ పెళ్లి వీడియోలో నాన్న నీతో ఏదో అంటున్నాడు, వీడియో తీసినవాడు దాని మీద పాట వేసేశాడు.

నిన్న ఆట పెట్టుకుని ఆ పడవ ఎక్కాను. నటుడు బాగానే చెప్పాడు, వంక పెట్టడానికి లేదు. మాటలు నాన్నవి, గొంతు ఎవరిదో. పదహారుసార్లు ఏరు దాటి, ఇక నావల్ల కాక ఆట కట్టేసి ఏడ్చాను.

నువ్వు రేవులో దిగి ఫోన్ చేసిన రెండుసార్లూ ఇందుకే ఎత్తలేదు. ఈసారి ఎత్తుతాను. నోరారా తిట్టు, ఏదీ మింగెయ్యకు, నిదానంగా తిట్టు. రికార్డు చేసుకుంటాను. నీ గొంతు కూడా నా దగ్గర ఎక్కడా లేదు.

ఇట్లు,
నీ ఫోన్ కోసం కాచుకున్న
తమ్ముడు