కొల్లేటికోటలో నీలి మంట

కొల్లేటికోట, మంగళవారం

నాన్నగారికి నమస్కారాలు. ఇక్కడ ఫోను సరిగా అందదు కాబట్టి కార్డు రాస్తున్నాను. నేను క్షేమమే, పడవ ప్రయాణాలకు దిగులు పడకండి.

పేడతో వంటగ్యాసు తయారుచేసే రబ్బరు సంచిని ఈ ఊరి అబ్బులు గారి పెరట్లో అమర్చి నెల దాటినా కొంచెం కూడా గ్యాసు పుట్టలేదు. కట్టెల పొగకు ఆయన భార్య సువర్ణ గారి ఆయాసం ముదురుతోంది.

"ఈ సంచి మడిచి పడవెక్కించెయ్యండి మేడమ్ గారూ. మా ఆవిడ ఇంకెన్నాళ్లు దగ్గుద్దండీ?" అన్నారాయన.

మూడు వారాల గడువు అడిగి, పేడలో ఏ నీళ్లు కలుపుతున్నారని విచారించాను.

"చేపల చెరువుయ్యండీ. బ్లీచింగ్ కొట్టిన నీళ్లు, శుభ్రంగా ఉంటాయని!"

గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులను ఆ బ్లీచింగే చంపేసింది. సంచి ఖాళీ చేయించి, కలిదిండిలో నడుస్తున్న ప్లాంటు నుంచి ఆ సూక్ష్మజీవులు బతికున్న పాత పేడ ద్రావణం నాలుగు డబ్బాలు తెచ్చి, కొల్లేటి నీటితో మళ్లీ నింపించాను.

ఈ ఉదయం పొయ్యి మీద నీలి మంట లేచింది. పన్నెండేళ్లుగా ఇదే నా పని. అయినా, కంటికి కనిపించని ప్రాణులు పేడలోంచి నిప్పును తీసి ఇస్తుంటే ఆ మంటనే చూస్తూ నిలబడిపోయాను. సువర్ణ గారు అలవాటుగా కొంగుతో కళ్లు ఒత్తుకుని, "పొగేదండీ?" అని నన్నే అడిగారు.

పేడ ద్రావణం పులిసిందో లేదో చూడటానికి నా బీరువాలోని లిట్మస్ కాగితాల పొట్లం పంపండి. మరో మూడిళ్లవారు సంచి అడుగుతున్నారు. అమ్మ బీపీ మాత్రలు తెచ్చారా? ఆదివారం ప్రార్థనలో సువర్ణ గారి ఊపిరిని కూడా తలచుకోండి.

మీ హెప్సిబా