స్కానింగ్‌కి అడ్డొచ్చిన మొలతాడు

మంగళవారం, కద్మా

మా ఆయన గుండె చుట్టూ ఉండే పొర వాచిందేమోనని డాక్టరుకి అనుమానం. ఎం.ఆర్.ఐ. తీస్తే తేలిపోతుందన్నాడు. లోపలికి లోహం ఏదీ తీసుకెళ్లకూడదట. ఉంగరం, గడియారం తీసిన మనిషి, పెళ్లినాటి వెండి మొలతాడు దగ్గర మొండికేశాడు.

"పెళ్లాం పోతేనే తీత్తారు ఇది. నువ్వు ఎదురుగా కూకోనుంటే ఎలా తీసీమంటావే?"

"నాకేటీ కాదు. ముందు నీ గుండె సంగతి చూడు."

మిషను చూసే అమ్మాయి "అంకుల్, జల్దీ కీజియే" అని తొందరపెట్టింది. నేనే పట్టుకుని లాగాను. కొక్కెం విరిగింది.

లోపల మిషను దడదడ కొడుతున్నంతసేపూ విరిగిన మొలతాడు గుప్పిట్లో పట్టుకుని బయట కూర్చున్నాను. ఆయన బయటికొచ్చి నన్ను ఎగాదిగా చూసి, "బాగానే ఉన్నావా?" అని అడిగాడు.

వాపు నిజమేనట. మందులతో తగ్గుతుంది, బాగా విశ్రాంతి కావాలన్నాడు డాక్టరు. మా ఆయన చెవికి అదేం ఎక్కలేదు. కొక్కెం అతికించడానికి రేపు కంసాలి దగ్గరికి వెళ్లాలట. అంతవరకు నల్లతాడు కట్టుకోమంటే అది లెక్కలోకి రాదట.

గ్యాస్ పొయ్యి దగ్గరికి నన్ను వెళ్లనివ్వడం లేదు. టీ ఆయనే పెట్టాడు. పంచదార వెయ్యడం మరిచాడు. అలాగే తాగేశాను.